ఏప్రిల్‌లో బెంగళూరు, డిసెంబరులో చెన్నై: టర్బో బండిలో పెరిగిన పవర్‌ని ఎలా కొలవాలి

తమ్ముడూ, నీ ప్రశ్నతో పాటు నువ్వు పెట్టిన రెండు డైనో (రోలర్ల మీద బండిని నడిపి పవర్ కొలిచే యంత్రం) కాగితాలూ నిదానంగా చూశాను. విషయం ఇదీ: నీది 2016 స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్‌ఐ (టర్బో పెట్రోలు ఇంజన్), ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). ఏప్రిల్‌లో బెంగళూరులో డైనో ఎక్కిస్తే 146 హెచ్‌పీ వచ్చింది. తర్వాత స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ పెంచేలా ఇంజన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ తిరగరాయడం) చేయించి, ఓపెన్ టైపు ఎయిర్ ఫిల్టర్ వేయించావు. డిసెంబరులో నెల్లూరు వెళ్తూ దారిలో చెన్నైలో ఇంకో డైనో ఎక్కిస్తే 212 వచ్చింది. "అన్నా, 66 హెచ్‌పీ పెరిగినట్టేనా? ఇదే ఊపులో ఇంటర్‌కూలర్, డౌన్‌పైప్ కూడా వేయించనా?" అని అడిగావు. (ఇంటర్‌కూలర్ అంటే టర్బో నొక్కిన గాలిని చల్లార్చేది, డౌన్‌పైప్ అంటే టర్బో నుంచి పొగ బయటికి వెళ్లే గొట్టం.)

పవర్ పెరిగింది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఎంత పెరిగిందో ఆ రెండు కాగితాలూ చెప్పలేవు. 66 మాత్రం కచ్చితంగా కాదు. నేను పదిహేనేళ్లుగా బెంగళూరులో ఇంజన్ కాలిబ్రేషన్ పనిలో ఉన్నాను. నంబర్లు ఎక్కడ మోసం చేస్తాయో చూసి చూసి అలవాటైంది. తీరిగ్గా చదువు, నీ డబ్బుకి సంబంధించిన విషయం.

ముందు కాగితాల సంగతి. బెంగళూరు కాగితం కింద చిన్న అక్షరాల్లో "వీల్" అని ఉంది, అంటే రోలర్ల మీద చక్రాల దగ్గర కొలిచింది. చెన్నై కాగితంలో "ఇంజన్" అని ఉంది, అంటే చక్రాల దగ్గర కొలిచి, గేర్‌బాక్సులో ఇంత పోయి ఉంటుందని ఒక అంచనా వేసి, దాన్ని కలిపి రాసింది. ఆ అంచనా వాళ్లు కంప్యూటర్‌లో కొట్టిన అంకె, నీ గేర్‌బాక్సును ఎవరూ కొలవలేదు. సాధారణంగా 15 శాతం వేస్తారు. ఆ లెక్కన 212 అంటే చక్రాల దగ్గర 180. అంటే నీ 66 కాస్తా ఇక్కడే 34కి దిగింది. ఇంతవరకు మనం బండిని ముట్టుకోలేదు.

ఇక ఆ 34లో గాలి వాటా ఎంతో చూడాలి. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం ఇంచుమించు 910 మిల్లీబార్లు, చెన్నైలో 1010 పైమాటే. దీనికి ఎండ కూడా తోడవుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం 34 డిగ్రీల్లో బెంగళూరులో ఒక ఘనపు మీటరు గాలి బరువు 1.03 కిలోలు. డిసెంబరులో చెన్నైలో 26 డిగ్రీలకు అదే ఘనపు మీటరు 1.18 కిలోలు. పద్నాలుగు శాతం తేడా. టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) లేని ఇంజన్ అయితే ఈ తేడా దాదాపు మొత్తం పవర్‌లో కనిపిస్తుంది. ఊటీ ఎక్కేటప్పుడు పాత బళ్లు ఆయాసపడేది అందుకే.

టర్బో ఇంజన్ అలా కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. నీ బండి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (సిలిండర్లలోకి గాలి వెళ్లే గొట్టాల్లో) ఇంత పీడనం ఉండాలని ఒక లక్ష్యం పెట్టుకుంటుంది. ఉదాహరణకి ఆ లక్ష్యం 1.9 బార్ అనుకో. చెన్నైలో బయట గాలి 1.01 బార్ కాబట్టి టర్బో దాన్ని 1.88 రెట్లు నొక్కితే చాలు. బెంగళూరులో బయట ఉన్నది 0.91 బారే కాబట్టి 2.09 రెట్లు నొక్కాలి. టర్బో ఇంకాస్త వేగంగా తిరిగి ఆ పని చేసేస్తుంది. అందుకే ఎత్తు మీద టర్బో బండికి నష్టం తక్కువ. తక్కువే కానీ, సున్నా కాదు. ఎక్కువ నొక్కిన గాలి ఎక్కువ వేడెక్కుతుంది. వేడి గాలి వెళ్తే ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, అంటే స్పార్క్ ఆలస్యంగా పడేలా చేస్తుంది, దాంతో పవర్ తగ్గుతుంది. పై ఆర్‌పీఎంలో టర్బో శక్తి అయిపోతే లక్ష్యం కూడా అందదు. నీ బండి మీద ఈ నష్టం 3 శాతమా, 7 శాతమా అన్నది కొలిస్తే తప్ప తెలియదు.

కరెక్షన్ ఫ్యాక్టర్ అని ఇంకొకటుంది. డైనో సాఫ్ట్‌వేర్ ఆ రోజు వాతావరణాన్ని లెక్కలోకి తీసుకుని, ప్రామాణిక వాతావరణంలో అయితే ఇంత వచ్చేదని నంబరును పెంచో తగ్గించో చూపిస్తుంది. ఎస్‌ఏఈ జే1349 పద్ధతిలో ఆ ప్రామాణికం 25 డిగ్రీలు, 990 మిల్లీబార్ల పొడి గాలి. నీ ఏప్రిల్ మధ్యాహ్నానికి ఆ సూత్రం వేసి చూశాను, 14 శాతానికి పైగా కలుపుతుంది. అంటే కంప్యూటర్‌లో ఒక టిక్కు పెడితే నీ 146 అక్కడికక్కడే 167 అయిపోతుంది. ఒక్క బోల్టు విప్పకుండా 21 హెచ్‌పీ! టర్బో లేని ఇంజన్‌కి ఆ సవరణ న్యాయమే. ఎత్తు వల్ల పోయిన దాన్ని టర్బో తనే చాలావరకు పూడ్చేశాక, మళ్లీ దాని మీద 14 శాతం కలిపితే అది ఊరికే వచ్చిన పవర్. నా స్నేహితుడొకడికి ఇలాగే జరిగింది. రీమ్యాప్‌కి ముందు కాగితం కరెక్షన్ లేకుండా, తర్వాతి కాగితం కరెక్షన్‌తో ఇచ్చారు. అతను ఏడాది పాటు ఆ తేడా రీమ్యాప్‌దే అనుకున్నాడు. ఆ షాపు వాళ్లు కావాలని చేశారని అనను, కానీ కాగితం మీద ఆ ఒక్క మాట రాయాల్సింది.

అందుకే నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఏమీ మార్చకుండానే నీ బండి ఒక రోజుకీ ఇంకో రోజుకీ, ఒక రన్‌కీ ఇంకో రన్‌కీ ఎంత తేడా చూపిస్తుందో ముందు తెలుసుకో. తర్వాత పార్టు మార్చి కొలువు. ఆ తర్వాత పాతది మళ్లీ బిగించి ఇంకోసారి కొలువు. పాత పార్టుతో పాత నంబరు తిరిగి వస్తేనే, మధ్యలో వచ్చిన తేడా కొత్త పార్టుది. ఈ మూడో మెట్టు ఎవరూ ఎక్కరు. కొత్తది బిగించాక దాన్ని విప్పాలంటే ఎవరికీ మనసొప్పదు మరి.

ఇది నాకు నా బండి మీదే తెలిసొచ్చింది. అప్పట్లో నాది పోలో జీటీ టీఎస్‌ఐ, 1.2 లీటర్లు, 105 పీఎస్. దానికి కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (బయటి చల్లగాలి పీల్చే ఫిల్టర్, గొట్టం) ఒకటి వేశాను. వేయకముందు మూడో గేరులో 60 నుంచి 100కి ఎంత పడుతుందో తొమ్మిదిసార్లు చూసి నోటుబుక్‌లో రాసుకున్నాను. 5.7 నుంచి 6.1 సెకన్ల మధ్య వచ్చాయి. వేశాక చూస్తే 5.4 నుంచి 5.7. సంబరపడిపోయి నలుగురికీ చెప్పాను, ఇద్దరు నా మాట విని కొనుక్కున్నారు కూడా. రెండు వారాల తర్వాత నోటుబుక్ తిరగేస్తుంటే కంటపడింది: మొదటి రన్‌లు సాయంత్రం ఐదింటికి, 32 డిగ్రీల్లో, ఫుల్ ట్యాంకుతో, పక్కన బావమరిదితో. రెండోవి తెల్లవారుజామున, 19 డిగ్రీల్లో, పావు ట్యాంకుతో, ఒంటరిగా. ఆ ఆదివారమే పాత ఫిల్టర్ డబ్బా మళ్లీ బిగించి, అదే తెల్లవారుజామున, అదే రోడ్డు మీద, ఒంటరిగా వెళ్లాను. 5.4 నుంచి 5.7. అంటే ఆ ఇన్‌టేక్ ఇచ్చింది శబ్దం ఒక్కటే. కొనుక్కున్న ఆ ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పాను. చెప్పడం కష్టంగానే అనిపించింది.

నీ ఫిల్టర్ విషయంలో కూడా అదే జరిగి ఉంటుందని నా అంచనా. కారణం ఇందాక చెప్పిందే. పీడనం ఇంత ఉండాలని ఈసీయూ లక్ష్యం పెట్టుకున్నాక, ఫిల్టర్ దగ్గర గాలికి అడ్డు కొంచెం తగ్గితే ఈసీయూ ఏం చేస్తుంది? వేస్ట్‌గేట్‌ను (పొగను టర్బోకి తగలకుండా పక్కనుంచి వదిలేసే తలుపును) ఇంకాస్త తెరిచి మళ్లీ అదే పీడనానికి తెస్తుంది. నీకు మిగిలింది టర్బోకి కొంచెం తగ్గిన శ్రమ. అది మంచిదే, కానీ డైనో మీద కనిపించదు. పైగా ఓపెన్ ఫిల్టర్ బానెట్ కింది వేడి గాలిని పీలుస్తుంది. సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గర ఇరవై నిమిషాలు నిలబడి, ఆ తర్వాత కాలు నొక్కి చూడు, కంపెనీ ఫిల్టర్ డబ్బా విలువ తెలుస్తుంది.

ఇక నీ అంతట నువ్వు ఎలా కొలవాలో చెబుతాను. ఫుల్ యాక్సిలరేటర్‌తో గట్టి పరీక్షలన్నీ ట్రాక్ డేలో చేసుకోవడమే నా సలహా. చెన్నై వైపు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ట్రాక్ 3.7 కిలోమీటర్లు, నీకు నెల్లూరు దారిలోనే కాస్త పక్కకి. రోడ్డు మీదే చేయాలనుకుంటే 60 నుంచి 100 దాటకు. నాలుగు వరసల జాతీయ రహదారుల మీద కార్లకు పరిమితి 100, బోర్డు మీద అంతకన్నా తక్కువ రాసి ఉంటే అదే లెక్క. ఔటర్ రింగ్ రోడ్డు మీద అర్ధరాత్రి చేస్తానంటే మాత్రం నా సలహా అడగొద్దు. అక్కడ చీకట్లో రోడ్డు దాటే మనుషులుంటారు. హోస్కోటె దాటాక తెల్లవారాక ఖాళీగా, చదునుగా, ముందు స్పష్టంగా కనిపించే ముక్క చూసుకో. ఫోన్ చూసే పని పక్కనున్నవాడికి అప్పగించు, నీ కళ్లు రోడ్డు మీదే ఉండాలి.

ఈ 60 నుంచి 100 లెక్క ఎంత సున్నితమో చూడు. నువ్వు, పెట్రోలు, బండి కలిపి 1,450 కిలోలు అనుకుందాం. ఆ బరువును గంటకు 60 నుంచి 100కి తీసుకెళ్లడానికి 358 కిలోజౌళ్ల శక్తి కావాలి. 4.2 సెకన్లలో చేరితే సగటున 85 కిలోవాట్లు, 4 సెకన్లలో చేరితే దాదాపు 90. అంటే 0.2 సెకన్ల తేడా అంటే సుమారు 6 హెచ్‌పీ. ఇప్పుడు 70 కిలోల స్నేహితుణ్ని ఎక్కించుకో, ఆ ఒక్కడి వల్లే 0.2 సెకన్లు పోతాయి. కంటికి తెలియనంత ఎత్తు, వంద మీటర్లకు ఒక మీటరు లేచినా, 80 వేగం దగ్గర 4 హెచ్‌పీకి పైగా తింటుంది. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి ఇంకో ఒకటిన్నర హెచ్‌పీ తీసుకుంటుంది. నిండు ట్యాంకు అంటే 37 కిలోలు. ఇవన్నీ కలిస్తే, నువ్వు వెతుకుతున్న లాభం వీటి మధ్య కనబడకుండా పోతుంది.

అందుకే ఒకే ముక్కలో రెండు దిక్కులా పరుగు తీయాలి. వెళ్లేటప్పుడు ఎత్తైతే వచ్చేటప్పుడు పల్లం, గాలి కూడా అంతే. దిక్కుకి కనీసం నాలుగు రన్‌లు. అన్నిట్లో బాగా వచ్చినదాన్ని పట్టుకుని అందరికీ చూపించడం మానేసి, మధ్యలో వచ్చినదాన్ని తీసుకో. మనిషి, సామాను, ట్యాంకు మట్టం, టైర్ల గాలి మారకూడదు. ఏసీ ఆపెయ్. ఇంజన్ నీళ్లు 90 డిగ్రీలకు తొందరగానే వస్తాయి, ఆయిల్ వేడెక్కడానికి ఇంకా సమయం పడుతుంది. ఇరవై నిమిషాలు మామూలుగా నడిపాకే మొదలుపెట్టు.

నీ డీఎస్‌జీతో ఒక చిక్కుంది. మాన్యువల్ మోడ్‌లో పెట్టి మూడో గేరు పట్టినా, పెడల్ అడుగు దాకా తొక్కితే చివర్లో ఒక చిన్న క్లిక్ తగులుతుంది. అది కిక్‌డౌన్ స్విచ్. అది తగిలిందంటే గేర్‌బాక్స్ రెండో గేరుకి దిగిపోవచ్చు, ఆ రన్ చెడిపోయినట్టే. క్లిక్‌కి ముందు పాదం ఆపడం పది నిమిషాల్లో అలవాటవుతుంది. లాగ్‌లో (బండి కంప్యూటర్ నుంచి రికార్డు చేసుకున్న రీడింగుల్లో) థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వదిలే కవాటం) పూర్తిగా తెరుచుకుందో లేదో చూసి నిర్ధారించుకో.

దేనితో కొలవాలన్నది కూడా ముఖ్యమే. చాలా ఫోన్లలో జీపీఎస్ సెకనుకి ఒక్కసారే లెక్క ఇస్తుంది. 0.2 సెకన్ల కోసం వెతికేవాడికి అది చాలదు. డ్రాగీ లాంటి చిన్న జీపీఎస్ డబ్బా సెకనుకి కనీసం పదిసార్లు చదువుతుంది, మన పనికి అది సరిపోతుంది. రేస్‌లాజిక్ వాళ్ల వీబాక్స్ ఇంకా మంచిది, కానీ అద్దెకు దొరికితే తప్ప కొనమని చెప్పను. ఓబీడీ పోర్టు (బండి కంప్యూటర్‌ని చదవడానికి ఉన్న ప్లగ్గు) నుంచి వచ్చే వేగాన్ని నమ్ముకోకు, అది 60, 61, 62 అని పూర్ణ సంఖ్యల్లోనే వస్తుంది. ఆర్‌పీఎం మాత్రం చాలా సన్నగా వస్తుంది. చవక బ్లూటూత్ అడాప్టర్ అయితే ఒకేసారి పదిహేను రీడింగులు పెట్టకు, ఒక్కోటి సెకనుకి ఒక్కసారి కూడా రాదు. నాలుగైదు చాలు.

ఆ నాలుగైదు ఏవంటే: ఆర్‌పీఎం, ఈసీయూ అడిగిన బూస్ట్ (బయటి గాలి పీడనం మీద టర్బో కలిపే అదనపు పీడనం), నిజంగా వచ్చిన బూస్ట్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత, సిలిండర్ల వారీగా టైమింగ్ ఎంత వెనక్కి పోయిందన్న లెక్క. చివరిది మామూలు యాప్‌లలో రాదు, ఈ బళ్ల కంప్యూటర్‌ని లోతుగా చదివే వీసీడీఎస్ గానీ ఓబీడీ ఎలెవెన్ గానీ కావాలి. నిజం చెప్పాలంటే నాకు డైనో కాగితం కన్నా ఈ లాగ్ మీదే నమ్మకం ఎక్కువ. పవర్ వచ్చిందని డైనో చెబుతుంది, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నది లాగ్ చెబుతుంది. అడిగిన బూస్ట్ 1.2 బార్, వచ్చింది 1.2 అయితే హార్డ్‌వేర్‌కి ఇంకా ఓపిక ఉన్నట్టు. అడిగింది 1.3, పై ఆర్‌పీఎంలో వస్తున్నది 1.1 అయితే టర్బో అంచుకు చేరినట్టు, అక్కడ ఇంకా పిండితే వేడి తప్ప ఏమీ రాదు. నాలుగు సిలిండర్లలోనూ టైమింగ్ నాలుగైదు డిగ్రీలు వెనక్కి పోతుంటే ఇంజన్ నాకింగ్‌ను (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడాన్ని) ఆపుకుంటూ బతుకుతోందని అర్థం. డిసెంబరు చలిలో కనిపించిన పవర్ మే నెలలో కనిపించదు.

ఇక్కడ పెట్రోలు సంగతి వస్తుంది. నీ మ్యాప్ (రీమ్యాప్ సాఫ్ట్‌వేర్) ఎంత ఆక్టేన్‌కి (పెట్రోలు నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె) రాశారో ట్యూనర్‌ని అడిగావా? 95 మీద రాశారా, 97 మీదా, 100 మీదా? బెంగళూరులో ఎక్స్‌పీ95, స్పీడ్ 97, ఎక్స్‌పీ100 లాంటివి దొరుకుతాయి, నెల్లూరు దాటాక చిన్న ఊళ్లో బంకులో ఏది దొరికితే అది పోయించుకోవాలి. మంచి పెట్రోలుతో పరీక్ష చేసి మామూలు పెట్రోలుతో నడిపితే ఆ నంబరుకి అర్థం లేదు. పరీక్షలన్నిటికీ ఒకే బంకు, ఒకే రకం. రకం మారిస్తే పాతది అయిపోయాక రెండు ట్యాంకులు నడిపి, ఆ తర్వాతే కొలువు. రీమ్యాప్ వేసిన రోజు కూడా కొలవొద్దు, ఈసీయూ కొత్తగా సర్దుకోవడానికి కొన్ని రోజులు ఇవ్వు.

పికప్ పెరిగినట్టు అనిపించడం గురించి ఒక్క మాట. స్టేజ్ 1 మ్యాపుల్లో చాలావాటిలో పెడల్ లెక్క కూడా మారుస్తారు. ఇదివరకు సగం తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ ఇప్పుడు పావు తొక్కితేనే తెరుచుకుంటుంది. కాలికి అది పెద్ద తేడాగా తెలుస్తుంది. పూర్తిగా తొక్కినప్పుడు వచ్చే పవర్‌కి దానితో సంబంధం లేదు. విడిగా అమ్మే పెడల్ బాక్సులు చేసేదీ ఇదే.

ఇంటర్‌కూలర్ గురించి అడిగావు కాబట్టి చెబుతున్నాను, దాన్ని ఒక్క రన్‌తో పరీక్షించకు. నీ 1.8కి ముందు బంపర్ వెనకాల గాలితో చల్లబడే ఇంటర్‌కూలర్ ఉంటుంది. చిన్న టీఎస్‌ఐ ఇంజన్లలో అయితే అది నీళ్లతో చల్లబడుతూ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే ఉంటుంది, వాటి యజమానులు నీ లెక్కలు చూసి పార్టులు కొనకూడదు. మొదటి రన్‌లో కంపెనీ ఇంటర్‌కూలర్ కూడా చల్లగానే ఉంటుంది, తేడా కనబడదు. డైనో మీద గానీ ట్రాక్ మీద గానీ ఆగకుండా మూడు రన్‌లు చెయ్. ప్రతి రన్ మొదట్లో, చివర్లో ఇన్‌టేక్ గాలి ఎంత వేడి ఉందో రాసుకో. మూడో రన్‌లో గాలి మొదటి రన్ కన్నా 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కి, టైమింగ్ వెనక్కి పోయి, పవర్ పడిపోతుంటే నీకు ఇంటర్‌కూలర్ పనికొస్తుంది. అలా జరగకపోతే, వైట్‌ఫీల్డ్ నుంచి ఆఫీసుకి వెళ్లే బండికి అది బరువు మాత్రమే. డైనో మీద ఇంకో జాగ్రత్త: ముందు పెట్టే ఫ్యాన్ రోడ్డు మీద వచ్చే గాలికి సాటి రాదు. ఆ ఫ్యాన్ ఎక్కడ, ఎంత దూరంలో ఉందో ఫోటో తీసుకుని, రెండోసారి కూడా అక్కడే పెట్టించు.

డౌన్‌పైప్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వద్దు. పని చేయదని కాదు. ఎగ్జాస్ట్ దారి వదులైతే టర్బో తొందరగా తిరుగుతుంది, కింది ఆర్‌పీఎంలో బూస్ట్ త్వరగా వస్తుంది. కానీ మనవాళ్లు అమ్మే డౌన్‌పైపుల్లో చాలావాటికి క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించేది) ఉండదు. మన వెనక స్కూటర్ మీద పిల్లాణ్ని కూర్చోబెట్టుకుని వచ్చేవాళ్లు పీల్చేది ఆ పొగే. చట్టం సంగతి కూడా తెలుసుకో: కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. బీమా కంపెనీకి చెప్పకుండా చేయించిన మార్పులు క్లెయిమ్ రోజున అడ్డం పడతాయి. నీ రీమ్యాప్‌కి కూడా ఇది వర్తిస్తుంది, దాచకుండా చెబుతున్నాను.

నీ బండి విషయంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ గేర్‌బాక్స్ గురించే. నీ ఏడు గేర్ల డీఎస్‌జీ డీక్యూ200, పొడి క్లచ్‌లది. దాన్ని 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) కోసం తయారు చేశారు. నీ ఇంజన్ షోరూం నుంచి వచ్చినప్పుడే ఇచ్చేది సరిగ్గా 250. అంటే కంపెనీ వాళ్లే ఆ ఇంజన్‌ను గేర్‌బాక్స్ హద్దు దగ్గర ఆపారు. నీ చెన్నై కాగితంలో టార్క్ గీత 330 దాటింది. క్లచ్ ప్లేట్లు కొంచెం కొంచెంగా జారడం మొదలుపెడితే ఏం జరుగుతుందో తెలుసా? బండి వేగం పెరగకముందే ఆర్‌పీఎం లేస్తుంది. ఆర్‌పీఎం మాత్రమే చూసేవాడికి అది కొత్త పవర్‌లాగే కనబడుతుంది, బండి పాడవుతున్న క్షణంలో సంతోషపడతాడు. అందుకే లాగ్‌లో ఆర్‌పీఎంని జీపీఎస్ వేగంతో భాగించి చూడు. ఒకే గేరులో ఉన్నంతసేపూ ఆ భాగఫలం మారకూడదు. ఫుల్ బూస్ట్ వచ్చే చోట, ఒక్క సెకను పాటైనా అది 2, 3 శాతం పైకి లేచిందంటే క్లచ్ జారుతోంది. అప్పుడు పరీక్షలు ఆపేసి, టార్క్ తగ్గించి మ్యాప్ మళ్లీ రాయమని ట్యూనర్‌కి చెప్పు. పై ఆర్‌పీఎంలో పవర్ ఉంచుకుని, కిందా మధ్యలో టార్క్‌ను అదుపులో పెట్టే మ్యాప్ రాయొచ్చు. తెలిసిన ట్యూనర్ అడగ్గానే ఒప్పుకుంటాడు.

60 నుంచి 100 పరీక్ష మూడో గేరులో మధ్య ఆర్‌పీఎం సంగతే ఎక్కువగా చెబుతుంది. నీ ఇంజన్ గరిష్ఠ పవర్ 5,100 పైన ఉంది, దాన్ని చూడాలంటే డైనో గానీ ట్రాక్ గానీ కావాలి. కాబట్టి ఈ నెలలో ఒక ఉదయం బెంగళూరులో నువ్వు మొదట ఎక్కించిన ఆ డైనోకే వెళ్లు. ముందే ఫోన్ చేసి, ట్యూనర్‌ని ల్యాప్‌టాప్‌తో అక్కడికే రమ్మను. మొదట ఇప్పుడున్న మ్యాప్‌తో మూడు రన్‌లు. తర్వాత కంపెనీ ఫైలు (రీమ్యాప్‌కి ముందున్న సాఫ్ట్‌వేర్) ఎక్కించి, కాసేపు చల్లారనిచ్చి మూడు. మళ్లీ ట్యూన్ చేసిన ఫైలుతో మూడు. ఒక్కో ఫైలుతో మొదలుపెట్టేటప్పుడు ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. గేరు ఒకటే, టైర్ల గాలి ఒకటే, బండిని రోలర్ల మీద కట్టే బెల్టులు బిగించిన తీరు కూడా ఒకటే. ఫైలు మార్చిన వెంటనే ఈసీయూ పూర్తిగా సర్దుకోదని ఇందాక అన్నాను, ఆ లోటు ఇక్కడ తప్పదు. అందుకే మొదటిసారీ మూడోసారీ ట్యూన్ చేసిన ఫైలే పెట్టించేది, ఆ రెండూ కలిస్తే మధ్యలోది నమ్మొచ్చు. కాగితాలన్నీ కరెక్షన్ లేకుండా, చక్రాల దగ్గరి లెక్కతోనే ఇవ్వమని అడుగు. వాటి మీదే డైనో గది ఉష్ణోగ్రత, గాలి పీడనం కూడా రాయించుకో.

ఫిల్టర్ పరీక్షకు డైనో ఖర్చు అక్కర్లేదు, పాత డబ్బా ఇంట్లో ఉంటే హోస్కోటె రోడ్డు చాలు. డైనో మీద చేసిన ఆ తొమ్మిది రన్‌ల కాగితాలూ, ఆర్‌పీఎం, వేగం ఉన్న ఒక లాగ్ ఫైలూ నాకు పంపు. క్లచ్ జారడం లేదని ముందు చూసుకుని, ఇంటర్‌కూలర్ మాట ఆ తర్వాత ఎత్తుదాం.